తడిపి కట్టిన చెప్పు

ఏదీ, ఇట్లా పట్రా చూద్దాం. పట్రావయ్యా అల్లుడూ, సిగ్గెందుకు, ముసలాడు చూస్తే అరిగిపోతుందా నీ కొత్త సరుకు? ఓహోహో! రొమ్ము దాకా వచ్చే రబ్బరు లాగు, దాని కింద ఇంతింత బూట్లు. నగోయాలో కొన్నావా? ఏమిటీ, పోస్టులో తెప్పించావా? కాలు పెట్టి చూడకుండానే? బొమ్మ చూసి, నంబరు చూసి... సరే సరే, నవ్వట్లేదులే. మా మనవరాలు పొద్దున్నే చెప్పింది నాకు, "తాతయ్యా, ఈయన రేపు ఏట్లో దిగుతాడట, నువ్వు కాస్త చూడు" అని. నన్ను విధవరాల్ని చెయ్యకు అన్నట్టుగా చెప్పిందిలే. తొడుక్కో మరి. ఇక్కడే తొడుక్కో, నేనుండగా... ఆగాగాగు! చాప మీద కాదయ్యా బాబూ! దిగు ముందు. కింద మట్టినేల మీదికి దిగి, అక్కడ తొడుక్కో బూట్లు. తతామీ చాప మీద చెప్పులేసుకుని అట్లాగే గడప దిగడం మా గుజోలో ఒక్క శవం లేచినప్పుడే. మీ నగోయాలో లిఫ్టులొచ్చి ఇవన్నీ మర్చిపోయారు కాబోలు. బతికున్నవాడు దిగి తొడుక్కుంటాడు, పోయినవాడు తొడుక్కుని దిగుతాడు. అంతే తేడా.

బతికుండగా అట్లా దిగినవాణ్ణి నా ఎనభయ్యేళ్ళలో ఒక్కణ్ణే చూశాను. మా అన్న ఇవాజో. దింపింది మా వదిన. ఫుకి అని, నువ్వెక్కడ చూస్తావు, నువ్వీ ఇంటికి అల్లుడిగా రాకముందే ఎప్పుడో పోయింది. ఆవిడ సంగతి చెప్తా గానీ, ముందు నువ్వు గొంతుక్కూర్చో. ఆ బూట్లతోనే. పూర్తిగా కూర్చో, వేడి నీళ్ళ గుంటలో కూర్చున్నట్టు. చూశావా, మోకాలు దగ్గర పట్టేసింది, గజ్జల దగ్గరేమో గోనెసంచీలా వేలాడుతోంది. నిలబడితే అందరికీ అన్నీ సరిపోతాయి అల్లుడూ. ఏట్లో ఎవడు నిలబడతాడు నిటారుగా, ఫోటో తీసేవాడు తప్ప? అక్కడ వంగాలి, కాలెత్తి రాయెక్కాలి, ఒంటికాలి మీద ఆగాలి. కుర్చీ మీద పెట్టు కాలు. ఎత్తు. ఇంకా ఎత్తు. ఊ. అదీ. చిరిగేది అక్కడే. మేజోళ్ళు ఏవి? ఈ పల్చటివా! ఇవి ఆఫీసుకి వేసుకో. లోపల మందం ఊలు మేజోడు వేసుకుని చూసుకోవాలి, మేజోడు లేకుండా బూటు కొనడమంటే పిల్లని చూడకుండా అత్తగారిని చూసి పెళ్ళి చేసుకోవడమే.

ఏమంటున్నా, ఆఁ, వదిన. మా అన్న అంటే ఈ యోషిదా ఏట్లో అప్పట్లో పేరున్నవాడు. అయు చేపలు పట్టడమే బతుకు, జూన్ నుంచి చలి మొదలయ్యేదాకా. అయు సంగతి నీకు తెలుసుగా, రాళ్ళ మీది పాకుడు తినే చేప. పాకుడు ఎంత బాగా పడితే చేప అంత బలుస్తుంది, అంత వాసనేస్తుంది, పుచ్చకాయ కోసినట్టు. కానీ చూడు దేవుడి తమాషా, పాకుడు బాగున్నచోటే కాలు నిలవదు. చేప ఎక్కడుందో మనిషి అక్కడే జారిపడాలి. అందుకని మా అన్నలాంటి వాళ్ళు వేసుకునేది అర చెప్పు. వరిగడ్డితో అల్లింది, సగం పాదమే ఉంటుంది, మడమ వెనక వేలాడుతుంది, ముందు వేళ్ళు బయటికొస్తాయి. ఆ వేళ్ళతోనే రాయిని పట్టుకునేవాళ్ళు, పిల్లి గోళ్ళతో పట్టుకున్నట్టు. మా అన్న మొలలోతు నీళ్ళలో ఏటికడ్డంగా నడుస్తుంటే వంతెన మీద ఆడవాళ్ళు కూరగాయల బుట్టలు దించి చూసేవాళ్ళు. మా వదిన మాత్రం చూసేది కాదు. పై కొండల్లో బొగ్గులు కాల్చే వాళ్ళ పిల్ల ఆవిడ, నీళ్ళంటే భయం, ఈత రాదు. "ఆయన్ని నేను పొయ్యి దగ్గర చూసుకుంటాలే, ఏట్లో మీరు చూసుకోండి" అనేది.

యుద్ధం అయిపోయి పదేళ్ళయినట్టుంది అప్పటికి. చలికాలంలో చేపలుండవు గదా, అన్న కొండకి పోయి దుంగలు దింపేవాడు చెక్కబండి మీద. మంచులో బండి పట్టు తప్పింది. కుడికాలి మీదనుంచి పోయింది. బొటనవేలు, పక్కనున్న రెండు, మొత్తం మూడు తీసేశారు. చివరి రెండు చిన్నవేళ్ళు మిగిలాయి, పళ్ళూడిన నోట్లో పళ్ళలాగ. అర చెప్పుకి పట్టీ వెళ్ళేది ఎక్కడ? బొటనవేలికీ పక్కవేలికీ మధ్యన. ఆ సందే లేదు ఇప్పుడు! సందు లేనివాడికి చెప్పెక్కడ నిలుస్తుంది, చెప్పు లేనివాడు ఏట్లో ఎక్కడ నిలుస్తాడు? పుండు మానాక వాకిట్లోనే తొడిగి చూశాడు అన్న, రెండడుగులకి ఊడింది. తీసి పొయ్యిలో పడేశాడు. ఆ రోజునుంచి నిప్పుగుంట పక్కన కూర్చుని ఒకటే మాట. అన్నానికి పిలిస్తే "చచ్చినవాడికి అన్నమెందుకు?" స్నానానికి పిలిస్తే "చచ్చినవాడికి స్నానమెందుకు?" వదిన ఒకసారి అంది, "చచ్చినవాడివైతే మరి సారాయి ఎందుకడిగావయ్యా పొద్దున?" అని. 

సేతోలో మా మేనమామ ఉండేవాడు, పింగాణీ కార్ఖానాలో. గేటు దగ్గర కాపలా పని చూసిపెట్టాడు అన్నకి. కుర్చీలో కూర్చునే పని. మా అమ్మకి ప్రాణం లేచొచ్చింది, "కాలు తడవని పని, పోరా నాయనా" అని. అన్న తలూపాడు. జూన్ లో అయు వేట తెరిచే రోజుకి ఏట్లో దిగలేకపోతే ఇల్లు మూసి సేతో పోవడమని ఖాయమైంది. అందరికీ తెలుసు దిగలేడని. నేనడిగాను, "ఏం వదినా, సేతోలో బాగానే ఉంటుందిగా, నీళ్ళ భయం లేదు నీకు" అని. గిన్నెలు తోముతూ వెనక్కి చూడకుండా అంది: "ఆయన అక్కడ పదేళ్ళు బతుకుతాడు మరిదీ, కుర్చీలో. నేను పెళ్ళి చేసుకున్నాయన మాత్రం రైలెక్కడు." ఇంతే.

మర్నాటినుంచి మొదలుపెట్టింది. ముందు ఎవరో మోకాటి దాకా వచ్చే రబ్బరు బూట్లిస్తే అవి చూసింది. ముందుభాగమంతా ఖాళీ, ఆ ఖాళీలో నీళ్ళు, గులకరాళ్ళు చేరి కాలు ఒక బిందె అయిపోతుంది. ఏదీ, నీ బూటు నొక్కనీ... బొటనవేలు ఆడించు. ఆఁ. కొంచెం ఆడాలి అల్లుడూ, ఈదకూడదు. నీది ఈదుతోంది. తర్వాత ఏం చేసిందంటే, నిప్పుగుంటలో బూడిద తీసి పలక మీద పరిచి, అన్న కాలు దానిమీద పెట్టించింది. ఊరికే పెట్టలేదు మహానుభావుడు, "చచ్చినవాడి అడుగు తీస్తున్నావా" అని సణుగుతూ. ఆ బూడిదలో అచ్చు చూస్తూ కూర్చుంది, మనం పత్రిక చదివినట్టు. వేళ్ళు పోయిన కాలు బరువంతా మడమ మీదికి, బయటి అంచు మీదికి తోసేస్తోందట. "పట్టీ ఇక్కడుండాలి" అని చిటికెన వేలికీ దాని పక్కదానికీ మధ్యలో వేలు పెట్టి చూపించింది. అట్లాంటి చెప్పు ఈ భూమ్మీద ఎవడైనా అల్లాడా? అడ్డంగా, ఓరగా, మడమకి కూడా ఒక తాడు. చూడ్డానికి చెప్పులా లేదు, ఎండ్రకాయలా ఉంది.

అల్లింది సరే, సరిపోయిందో లేదో ఎట్లా తెలియాలి? అన్న ఏటి గట్టుకే రానన్నాడు, ఊరంతా కాలు చూస్తుందని. వదినకేమో వేళ్ళన్నీ ఉన్నాయి. ఇప్పుడు చెప్తా విను, ఇది నా కళ్ళతో చూశాను కాబట్టి చెప్తున్నా, ఇంకొకరు చెప్తే నేనే నమ్మను. ఏప్రిల్ నెల, కొండమీద మంచు కరిగి వచ్చే నీళ్ళు, చెయ్యి పెడితే ఎముక దాకా జివ్వుమంటుంది. పొద్దున్నే వచ్చింది నా దగ్గరికి, కర్రలమిల్లుకి పోబోతున్నా, "మరిదీ, ఒక్కసారి వస్తావా" అని. ఏటి ఒడ్డుకి తీసుకెళ్ళింది. కూర్చుని తన కుడికాలి బొటనవేలు, పక్కనున్న రెండూ, అరికాలి కిందికి మడిచేసింది. మడిచి గుడ్డతో బిగించి కట్టేసింది. మా అన్న పాదం అయిపోయింది! దానిమీద ఆ ఎండ్రకాయ చెప్పు కట్టుకుంది. నడుముకి తాడు కట్టుకుని ఆ కొస నా చేతికిచ్చింది. "జారితే లాగు. అరిస్తే మాత్రం లాగొద్దు, భయానికి అరుస్తాను, పట్టించుకోకు. జారితేనే లాగు." ఈత రాని మనిషి! మూడు వేళ్ళు మడుచుకుని! లంగా పైకి దోపుకుని, దణ్ణం కూడా పెట్టకుండా దిగిపోయింది.

అరిచింది. అబ్బో, ఏం అరుపు! అవతల గుళ్ళో సన్యాసి బయటికొచ్చి చూశాడు. నాలుగడుగులు వేసింది, అయిదోదానికి పడింది, లాగాను. పెదాలు నీలమైపోయాయి. పళ్ళు కొట్టుకుంటూ ఏమందో తెలుసా? "పట్టీ సరిగ్గానే ఉంది. చెప్పే మారిపోయింది." ఏం మారిందయ్యా అంటే, పొడిగా ఉన్నప్పుడు చక్కగా సరిపోయింది, నీళ్ళలో దిగాక గడ్డి ఉబ్బి, తాడు బిగుసుకుని, రక్తం ఆగిపోయి, కాలు కాలు కాకుండా పోయింది. మా ఊళ్ళో అందరం చేసే తప్పే అది. మాకు ఒక పట్టింపు, కొత్త చెప్పు పొద్దుటిపూట, పొడి నేల మీద, అడుగున కాస్త పొయ్యిమసి రాసి తొడుక్కోవాలి, లేకపోతే కీడని. తాతలనాటినుంచి పొడి మీదే కొలుచుకుని, తడిలో దిగి, "ఏరు చెడ్డది" అనుకుంటూ వచ్చాం. వదులైతే ఏరు లాగేస్తుంది అల్లుడూ, బిగువైతే నీ కాలే నిన్ను మర్చిపోతుంది. రెండోదే ప్రమాదం, ఎందుకంటే తెలియదు. ఆవిడ మాత్రం తర్వాతి చెప్పు రాత్రంతా బానలో నానబెట్టి, తడిదే కాలికి కట్టి, తడి మీదే తాడు కొలిచింది. మా అమ్మ చూసి "తడి చెప్పేమిటే, అరిష్టం!" అని అరిచింది. "ఏరు తడిగానే ఉంటుందత్తయ్యా, నేనేం చెయ్యను" అంది.

ఇంక పాకుడు సంగతి. గడ్డి ఒక్కటే ఆగట్లేదు. జనపనార వేసింది, పాత చాప ముక్క వేసింది, రబ్బరు చక్రం కోసి వేసింది. రబ్బరుతో పడ్డప్పుడు మోచెయ్యి చీరుకుపోయింది. వంతెన మీదినుంచి మా అన్న తోటివాళ్ళు చూసి నవ్వడం, "ఏమ్మా ఫుకీ, మీ ఆయన చేపలు పట్టడం మానేస్తే నువ్వే చేపవయ్యావా?" అని. ఆవిడ నడుంలోతు నీళ్ళలోంచి, "అవునన్నా, గాలం వెయ్యండి, తగులుకుంటే ఇంటికి తీసుకెళ్ళి మీ ఆవిడకి చూపించండి!" అంది. ఇంకెవడూ నోరెత్తలేదు.

అప్పుడు నాకో ఫెల్టు టోపీ ఉండేది. నవ్వకు. పెళ్ళిచూపుల కోసం కొనుక్కున్నా, బూడిదరంగుది, పక్కన చిన్న ఈక. ఒకరోజు మిల్లునుంచి వచ్చి చూస్తే మేకుకి ఈక ఒక్కటే వేలాడుతోంది. "వదినా! నా టోపీ!" "ఇదిగో మరిదీ" అని చెప్పు తిరగేసి చూపించింది. అడుగున అతికించి కుట్టేసింది, చుట్టూ దబ్బనంతో. "వానలో నీ టోపీ మీదినుంచి నీళ్ళు జారలేదు, పట్టుకుంది. పాకుడునీ పట్టుకుంటుందనిపించింది" అంది. తర్వాత్తర్వాత కొట్లలో ఫెల్టు అడుగుల చెప్పులు ఎన్నో వచ్చాయి, నీ బూటు అడుగునా అదే ఉంది చూడు. ఎవరు ముందు కనిపెట్టారో నాకు తెలియదు, లేనిపోనిది చెప్పను. మా ఇంట్లో మాత్రం అది నా టోపీ. ఆ చెప్పుతో, ఆ మడిచిన వేళ్ళతో, వదిన ఏరు దాటేసింది. అవతలి ఒడ్డున కూర్చుని వేళ్ళు విప్పుకుని ఏడ్చింది, నొప్పికో సంతోషానికో, ఇవతలినుంచి నాకు తెలియలేదు. తాడు చాలక మధ్యలోనే నేను వదిలేశానని కూడా ఆవిడకి తెలియదు.

వేట తెరిచే రోజొచ్చింది. తెల్లారింది. ఏటి పొడుగునా జనం, వెదురు గాలాలు అడవిలా లేచాయి. అన్న మాత్రం నిప్పుగుంట దగ్గరే. పక్కన సేతోకి కట్టిన మూట. వదిన పిలిచింది. "చచ్చినవాడికి ఏరెందుకు?" అన్నాడు. వదిన కిందికెళ్ళింది. బానలోంచి చెప్పులు తీసింది. నీళ్ళు కారుతున్న చెప్పులు పట్టుకుని చాప మీదికి ఎక్కింది! వదిన అన్న ముందు మోకాళ్ళ మీద కూర్చుంది, కుడికాలు ఒళ్ళో పెట్టుకుంది, కట్టింది. ఎడమకాలు కట్టింది. తతామీ మీద నీళ్ళు మడుగు కట్టాయి. అప్పుడు మా అమ్మ గొంతు లేచింది: "ఒసేయ్ ఫుకీ! ఇంట్లో చెప్పులు తొడిగి దింపుతావా! శవాన్ని దింపినట్టు దింపుతావా నా కొడుకుని!" వదిన లేచి నిలబడింది. ఎంత మెల్లగా అందంటే, నాకు ఇప్పటికీ వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి, చూడు ఈ చెయ్యి. "చచ్చానంటున్నాడుగా అత్తయ్యా, చలికాలంనుంచీ. ఎంతకాలం శవాన్ని ఇంట్లో ఉంచుకుంటాం? ఇవాళ పంపించేద్దాం." అని అన్న భుజం పట్టి లేపింది. ఆయన బొమ్మలా లేచాడు. గడప దగ్గరికి నడిపించింది. దింపింది. దింపి, అలమరలోంచి ఆయన అన్నం గిన్నె తీసింది. నీలం గీతల గిన్నె, పెళ్ళప్పటిది. గడప రాతికేసి కొట్టింది. శవం లేచినప్పుడు పోయినవాడి గిన్నె పగలగొడతారు గదా, మళ్ళీ తిరిగి రావద్దని. పెంకులు నా కాళ్ళ దాకా వచ్చాయి. "ఆయన పోయాడు," అంది. "ఇప్పుడు వాకిట్లో ఉన్నాయనెవరో, వెళ్ళి ఏట్లో చేప పట్టుకు రండి. పొయ్యి వెలిగించి ఉంచుతాను."

మా అన్న ఆ పెంకులు చూశాడు. తన కాళ్ళు చూసుకున్నాడు. గోడకున్న గాలం తీసుకున్నాడు.

జనం దారిచ్చారు. నవ్విన వాళ్ళే తలలు వంచారు. నీళ్ళలో మొదటి అడుగు వేసి ఆగాడు. ఎంతసేపు ఆగాడో. మడమ మీదినుంచి బరువు మెల్లిగా ఆ రెండు చిన్నవేళ్ళ మీదికి తెచ్చుకోవడం ఒడ్డునుంచి కనిపించింది నాకు, కొత్తగా నడక నేర్చిన దూడలా. రెండో అడుగు. మూడోది. మొల దాకా వచ్చింది నీరు. ఏటి మధ్యలో ఒక నల్లరాయి ఉంది, ఇప్పటికీ ఉంది, రేపు చూస్తావుగా, దాని పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. నిలబడ్డాడయ్యా! ఏరంతా వచ్చి ఆయన మీద పడుతోంది, ఆయన కదల్లేదు. నేను వదిన కోసం చూశాను, వంతెన మీద ఉంటుందేమోనని. రాలేదు. "ఏట్లో మీరు చూసుకోండి" అన్న మనిషి గదా, పొయ్యి దగ్గరే ఉంది. సాయంత్రం ఉప్పు రాసి కాల్చిన అయులు ముందు పెట్టుకుని కూర్చుంటే అన్నకి గిన్నె లేదు. వదిన తన చిన్న గిన్నెలో పెట్టిచ్చింది. ఇక బతికినన్నాళ్ళూ ఆ ఆడగిన్నెలోనే తిన్నాడు, నాలుగుసార్లు వడ్డించుకుంటూ. కొత్తది కొందామంటే వద్దనేవాడు.

వదిన పోయింది ముందు. గుండె. అప్పటికి మా అన్నకి డెబ్బై దాటాయి, చెయ్యి వణుకు. పోయినవాళ్ళకి గడ్డిచెప్పులు కడతాం గదా, ఆ లోకానికి పోయే దారిలో ఏరుందంటారు, అది దాటాలని. శవపెట్టె తెచ్చినవాళ్ళే తెచ్చారు ఒక జత, కాగితంలా ఉన్నాయి, బొమ్మకి తొడిగేవి. అన్న వాటిని చేత్తో పట్టుకుని వంచి చూశాడు, అడుగు చూశాడు, పక్కన పెట్టేశాడు. జన్మలో చెప్పు అల్లనివాడు, వాకిట్లో కూర్చుని గడ్డి దూశాడు. మధ్యమధ్య లేచి లోపలికెళ్ళి ఆవిడ పాదం బెత్తతో కొలుచుకొచ్చేవాడు. అడుగున ఫెల్టు కుట్టాడు. ఆ రోజుల్లో నాకు టోపీ లేదు గానీ ఉంటే ఇచ్చేసేవాణ్ణి. అయ్యాక బానలో ముంచి నానబెట్టాడు. పెట్టె తెచ్చిన కుర్రాడు మర్యాదగానే అన్నాడు, "పెద్దాయనా, తడివి పెట్టెలో పెట్టరండీ" అని. అన్న వినలేదు. తడివే కట్టాడు. కట్టి, బొటనవేలు నొక్కి చూశాడు, ఆడుతోందా అని.

వదిన గిన్నె తెమ్మన్నారు పగలగొట్టడానికి. ఇవ్వలేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "అన్నా, ఆచారం గదా" అన్నాను నేను. "గిన్నె పగిలితే తిరిగి రాదంటార్రా," అన్నాడు. "చెప్పు గట్టిగా ఉంటే ఏరు అటూ దాటొచ్చు, ఇటూ రావచ్చు."

...

ఊ.

ఆ బూట్లు విప్పు. విప్పి, బయట తొట్టిలో పడెయ్, రాత్రంతా నాననీ. మా అబ్బాయి ఊలు మేజోళ్ళు బీరువాలో ఉంటాయి, నీ పెళ్ళాన్ని అడుగు. పొద్దున్నే తడి మీద చూద్దాం, ఆడుతుందో, ఈదుతుందో.